ఎడారి మీద దయ

శనివారం మధ్యాహ్నం. రాఫెల్స్ ప్లేస్ పక్కన ఒక హాకర్ సెంటర్, వరసగా చిన్న చిన్న తిండి స్టాళ్లు. ఆఫీసులు లేని రోజు కాబట్టి సగం స్టాళ్లు మూసే ఉన్నాయి.

“కూర్చోరా నిశాంత్. నిలబడి ఎందుకు మాట్లాడుతవ్?”

“టైమ్ లేదు మొహ్సిన్. నాలుగింటికి షో. నేను ముందే హాల్లో ఉండాలె.”

“డైరెక్టర్ లేకుంట షో మొదలుపెట్టరులే. కూర్చో. తేహ్ తారిక్ చాయ్ చెప్పిన నీకు, చక్కెర తక్కువ. ఇంకా అదే తాగుతున్నవా?”

“ఆ... అదే.”

“అదొక్కటి మారలే అన్నమాట.”

“చూడు, నువ్వు మెసేజ్ పెట్టంగనే వచ్చిన. ఇన్నేండ్లకు పిలిచినవ్, రాకుంటే బాగుండదని వచ్చిన. చెప్పు, ఏంది?”

“ఏం లేదు. నీ సినిమాకి టికెట్ కొన్న. మూడో వరుస, నడిమిట్ల సీటు. అది చెప్దామని.”

“కొనుడెందుకురా? నన్నడిగితే పాస్ పంపిస్తుంటి గదా.”

“నిన్నడగాల్నా? నా కథ చూడనీకి నిన్ను పాస్ అడగాల్నా నేను?”

“మొహ్సిన్, ప్లీజ్. ఇప్పుడు వద్దు.”

“ఇప్పుడు వద్దు. అప్పుడూ వద్దు. ఫోన్ చేస్తే మీటింగ్ల ఉన్న అంటవ్, క్లెమెంటిల నీ రూమ్‌కి వస్తే ఖాళీ చేసిపోయినవ్. ఎప్పుడురా మరి? అందుకే ఈ రోజు పెట్టుకున్న. సినిమా అయినంక జనం ప్రశ్నలు అడగొచ్చట గదా? పోస్టర్ మీద రాసి ఉంది. స్టేజి మీద నువ్వు, హాలినా ఆంటీ, ఆ జర్మన్ ఆయన కొడుకు...”

“యోర్గ్.”

“ఆ, యోర్గ్. ముగ్గురు కుర్చీలేసుకొని కూర్చుంటరు. నేను చెయ్యి లేపుత. నాకొక ప్రశ్న ఉంది.”

“ఏం ప్రశ్న? నన్నడుగు. ఇక్కడే అడుగు.”

“ప్రశ్న నీకు కాదు. ఆంటీకి.”

“ఆంటీనా? ఆంటీతోని నీకేం పంచాయితీ? నీ కోపం నా మీద గదా.”

“నీ మీదనే. డెబ్భై ఐదేండ్ల మనిషి, ఆమె మీద నాకేం ఉంటది? ఆమె నోటికెళ్లి వచ్చే జవాబుతోని నీ సినిమా అక్కడికక్కడ కూలాలె. అంతే.”

“నువ్వు మాట్లాడేది నాకర్థం కాలే.”

“అయితది. ముందు నువ్వు నాకు కథ చెప్పు. ‘ఎడారి మీద దయ’. పేరు మంచిగ పెట్టినవ్. చెప్పు, ఏముంది దాంట్ల?”

“నీకు తెల్వనిది ఏముంది? నువ్వే గదా మొదలు...”

“ఆ. ఏమన్నవ్? మళ్లొకసారి అను.”

“నువ్వే గదా మొదలుపెట్టింది.”

“శుక్రియా. ఆ ముక్క సినిమాల ఉందా?”

“టైమైతుంది మొహ్సిన్.”

“పోనీ కథ చెప్పు. స్తెఫాన్ వోల్స్కీ ఎవరు?”

“పరీక్ష పెడ్తున్నవా?”

“పెడ్తున్న. చెప్పు.”

“హాలినా ఆంటీ వాళ్ల నాన్న. పోలండ్ పైలట్. ముప్పై తొమ్మిదిల జర్మనీ వాళ్ల దేశం మీద పడ్డది. దేశం పోయింది. రొమేనియా మీదికెళ్లి, ఫ్రాన్స్ మీదికెళ్లి ఎట్లనో ఇంగ్లండ్ చేరిండు. నలభై మూడుల ఆఫ్రికా ఎడారికి ఎవరొస్తరు అని అడిగితే పేరిచ్చిండు. ట్యునీషియా. పోలండ్ వాళ్లు కొద్దిమందే. ఇంగ్లిషోళ్ల స్క్వాడ్రన్ పక్కన గుడారాలు, తినే తిండిల ఇసుక, స్పిట్‌ఫైర్ విమానాలు... చాలా?”

“తమ్ముడి సంగతి?”

“తమ్ముడు మారెక్. వాడు కూడా పైలటే. యుద్ధం మొదలైన కొత్తల వాడి విమానం అంటుకుంది. పారాషూట్‌తోని దూకిండు. దిగుతుండంగ జర్మన్ విమానం వచ్చి గాలిలనే కాల్చేసింది.”

“ఎవరు చూసిన్రు?”

“స్తెఫానే చూసిండు.”

“ఎక్కడికెళ్లి? అది చెప్పకుంట ఉరుకుతవేంది?”

“కిందికెళ్లి. ఆలుగడ్డల చేన్ల నిలబడి. ఆయన విమానం అప్పటికే పాడైంది.”

“చేతుల పిస్తోల్ ఉంది. అది పైదాకా పోదు. అయినా అందుల గుండ్లన్నీ ఆకాశంలకి కాల్చిండు. తాడుకు వేలాడుకుంట దిగిన తమ్ముణ్ణి చేతులతోని పట్టుకొని దించిండు. అప్పుడు ఒట్టేసుకున్నడు, ఒక్కడన్న నాకు ఇట్లనే దొరకాలె, గాలిల, తాడుకి వేలాడుకుంట దొరకాలె అని. ఇది ఉందా సినిమాల?”

“ఒట్టు ఉంది. పిస్తోల్ లేదు. నాకు తెల్వదు.”

“నీకు తెల్వదు. ఆంటీ నాకు చెప్పింది. సరే, ఎడారికి రా.”

“ఏప్రిల్‌ల ఒక పొద్దున రెండు జర్మన్ విమానాలు ఎదురైనయ్. ఈయన ఒక్కడే ఉన్నడు. ఒకదాన్ని కొట్టిండు, అందులోడు విమానంతోనే కాలిపోయిండు. రెండో దాన్ని కొట్టిండు. రెండోవాడు దూకిండు, పారాషూట్ తెరుచుకుంది. వాడే హెల్ముట్. స్తెఫాన్ విమానం తిప్పి వాడి దగ్గరికి వచ్చిండు. తమ్ముణ్ణి చంపినట్టే చంపొచ్చు. అడిగేటోడు లేడు. కానీ చంపలే. సలాం కొట్టినట్టు రెక్కలు ఊపి పోయిండు.”

“రెక్కలు ఊపిండా?”

“ఊపిండని హెల్ముటే చెప్పిండు అందరికి.”

“సినిమాల చూపించినవా, ఊపుడు?”

“గ్రాఫిక్స్ చేయించిన.”

“మంచిగ వచ్చిందా?”

“...వచ్చింది.”

“తర్వాత?”

“హెల్ముట్‌ని ఇంగ్లిషోళ్లు పట్టుకున్నరు. నన్ను వదిలేసిన పైలట్‌ని చూడాలె అని వాడే అడిగిండు. పోలండ్ వాళ్ల గుడారానికి తీసుకపోయిన్రు. అందరి ముంగట స్తెఫాన్ చెయ్యి పట్టుకొని థాంక్స్ చెప్పిండు. యుద్ధమైనంక దోస్తులైన్రు. హెల్ముట్ ఏడాదికోసారి జర్మనీకెళ్లి ఇంగ్లండ్ పోయి కలిసొచ్చేటోడు, స్తెఫాన్ చచ్చేదాకా. అయిపోయింది. నేను పోవాల్నా ఇగ?”

“కూర్చో. జనం ఏడుస్తరా ఆ గుడారం కాడ?”

“మొన్న ట్రయల్ వేస్తే ఏడ్చిన్రు.”

“ఏడుస్తరు. నేను కూడా ఏడ్చిన, ఆంటీ భర్త యోగేశ్వరన్ అంకుల్ మొదటిసారి చెప్పినప్పుడు. తెలుగు వాళ్ల ఉగాది భోజనాల కాడ కలిసిండు ఆయన. మలేషియాల పుట్టిన తెలుగాయన, నాలుగు మాటలకు ఒక మలయ్ మాట, ఒక అరవ మాట. ‘మా మామ తెల్లాయన తంబీ, యుద్ధంల విమానం తోలిండు, ఇంటికి రా, మా ఆవిడ చెప్తది’ అన్నడు. పాసిర్ రిస్‌ల వాళ్లింటికి పోయిన. తెల్లావిడ చీర కట్టుకొని రసం తాళింపేస్తుంది. అప్పటికెళ్లి ప్రతి ఆదివారం పోయిన. అంకుల్ పోయినంక కూడా పోయిన. నిన్ను తీసుకపోయింది ఎవరు?”

“నువ్వే.”

“‘ఆంటీ, వీడు నా తమ్ముని లెక్క, కెమెరా పట్టుకుంటడు’ అన్ననా, అనలేదా?”

“అన్నవ్.”

“మా అబ్బాజాన్‌కి స్ట్రోక్ వస్తే హైదరాబాద్ పోయిన. నేను తిరిగొచ్చేసరికి ఆంటీ నా ఫోన్ ఎత్తది. తలుపు కాడికి పోతే ‘నీకు ఇష్టం లేని పని నేను బలవంతంగ చేయించిన, సారీ మొహ్సిన్’ అంటది. నాకు ఇష్టం లేదని ఎవరు చెప్పిన్రు ఆమెకి? మొహ్సిన్‌కి మనసు విరిగింది, వాడు ఇగ రాడు, నన్నే పూర్తి చేయమన్నడు అని ఎవరు చెప్పిన్రు?”

“ప్రొడ్యూసర్లు ఆగమంటే ఆగలే. నేను తీసుకోకపోతే ఇంకొకడు—”

“ఎవరు చెప్పిన్రు నిశాంత్?”

“అట్ల కాదురా, నువ్వు అప్పుడు—”

“ఎవరు?”

“నేను.”

“ఆ. నా వీసా పోయింది ఆ ఏడు. చేతుల పని లేదు, చూపించుకోనీకి ఏమీ లేదు. నా భార్య సహర్‌కి ఉద్యోగం ఉంది కాబట్టి ఆమె మీద ఆధారపడి ఈ ఊర్ల ఉన్న. పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంట. బస్సుల పోతుంటే స్టాపుల కాడ నీ పోస్టర్. ‘పరిశోధన, దర్శకత్వం నిశాంత్’. పరిశోధన! పిస్తోల్ సంగతి తెల్వనోడు.”

“తిట్టు. తిట్టుకో. నేను కాదంటున్ననా?”

“తిట్టనీకి పిలవలే నిన్ను. ప్రశ్న ఏందో చెప్పనీకి పిలిచిన. షోకి ముందే నీకు తెలవాలె. ఆ రెండు గంటలు నువ్వు చీకట్ల కూర్చొని, ఇప్పుడు అయిపోతది, ఇప్పుడు లైట్లేస్తరు, వాడు లేస్తడు అని ఎదురుచూడాలె. ఆ చెమట నాకు కావాలె.”

“చెప్పు.”

“బటన్ నొక్కిండు నిశాంత్.”

“ఏంది?”

“కాల్పుల బటన్. స్తెఫాన్ రెక్కలు ఊపలే. విమానం తిప్పి, ముక్కు సక్కగ ఆ పారాషూట్ల ఉన్నోడి మీద పెట్టి నొక్కిండు. ఏం రాలే. విమానం వణకలే. గుండ్లన్నీ ఆ రెండు విమానాలు కూల్చనీకే అయిపోయినయ్. నమ్మలే. మళ్లీ తిప్పుకొచ్చి మళ్లీ నొక్కిండు. బూతులు తిట్టుకుంట నొక్కిండు. ఏడుసుకుంట నొక్కిండు. వాడి మొఖం కనబడేంత దగ్గరికి పోయి నొక్కిండు. లేవు. అప్పుడు ఇంటికి పోయిండు.”

“తర్వాత?”

“సాయంత్రం ఇంగ్లిషోళ్ల జీపు వచ్చి ఆగింది గుడారం ముంగట. అందులకెళ్లి వీడు దిగిండు. చెయ్యి పట్టుకొని థాంక్స్ అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. ఇంగ్లిష్ కమాండర్ భుజం తట్టిండు. ఆ జర్మన్‌కి చాయ్ ఇచ్చిన్రు. స్తెఫాన్‌కి ఏం మాట్లాడాల్నో తెల్వక, ముప్పై తొమ్మిదిల నువ్వు పోలండ్ల ఉన్నవా అని అడిగిండంట. వాడన్నడు, లేదు సార్, అప్పుడు నేను బడిల చదువుకుంటున్న అని.”

“యా అల్లా అంటవ్ గదా నువ్వు అసువంటప్పుడు.”

“ఆటలాడకు. అక్కడితోని అయిపోలే. తోటి పోలండ్ పైలట్లు ఉన్నరు చూడు, వాళ్లకి భార్యలు పోయిన్రు, పిల్లలు పోయిన్రు. చప్పట్లు కొట్టినోళ్లే రెండో రోజుకెళ్లి మాట్లాడుడు బంద్ చేసిన్రు. జర్మన్‌ని వదిలినోడు అని పక్కన కూర్చొని తినలే. ఒకడు బూట్ల మీద ఉమ్మిండు. నేను వదలలేదురా, చంపబోయిన అని చెప్తే వాళ్లు ముద్దు పెట్టుకుంటరు. ఇంగ్లిషోళ్లు ఛీ అంటరు. చెప్పలే. ఎవరికి చెప్పలే. దయ గల మనిషి అని పేపర్ల వేసిన్రు. ఆ దయ మోసుకుంట బతికిండు. బస్ గ్యారేజీల పని చేసిండు, పెండ్లి చేసుకున్నడు, బిడ్డని కన్నడు. ఆఖరికి ఆస్పత్రిల పండుకున్నప్పుడు ఆంటీకి చెప్పిండు. ఆంటీ అంకుల్‌కి కూడా చెప్పలే. నాకు చెప్పింది. రాయాల్నా వద్దా నువ్వే తేల్చు బేటా అన్నది. నేను తేల్చలే. మూట కట్టి పెట్టుకున్న. ఈ రోజు విప్పుత.”

“ఏమని అడుగుతవ్?”

“ఒక్క మాట. ‘ఆంటీ, మీ నాన్న ఆ రోజు బటన్ నొక్కిండా, లేదా?’ ఆమె అబద్ధం ఆడదు. నీకు తెల్సు ఆడదని. గ్రాఫిక్స్‌ల రెక్కలు ఊపినవ్ చూడు, ఆ రెక్కలు అందరి ముంగట విరుగుతయ్. ఆ జర్మన్ కొడుకు స్టేజి మీద లేచి నిలబడతడు. నువ్వు ఎక్కడ చూడాల్నో తెల్వక మైక్ దిక్కు చూస్తవ్. దాని కోసమే బతికిన ఇన్ని రోజులు.”

“ఆమె ఏమైతదో ఆలోచించినవా?”

“నువ్వు ఆలోచించినవా, ఆమెకు నా గురించి చెప్పినప్పుడు?”

“నన్ను కొట్టు మొహ్సిన్. ఇక్కడే కొట్టు. ఆమెను—”

“బాస్, ఫినిష్ ఆల్రెడీ? క్లియర్ ఆ?”

“నాట్ యెట్ అంకుల్, స్టిల్ డ్రింకింగ్. సారీ ఆ... బల్లలు తుడిచేటాయన, కప్పులు తీస్తనంటుండు.”

“మొహ్సిన్, నీ ఫోన్ మోగుతుంది.”

“సహర్. ఆగు. హలో... ఆ, ఇక్కడే ఉన్న, హాల్ ముంగటనే... ఎవరు? ఆంటీ వచ్చిందా? నువ్వు మాట్లాడినవా?... నిన్ను గుర్తుపట్టిందా... ఏ చీర? అంకుల్ కొన్నదా... నన్నా? నన్నెందుకు అడిగింది?... ఏమన్నది, సక్కగ చెప్పు... ‘వాడు వస్తడని నాకు తెల్సు’ అన్నదా... లేదు. లేదు సహర్, నేనేం మార్చుకోలే. నాకు చెప్పకు... సరే. వస్త. పెట్టేయ్.”

“ఏమంటుంది?”

“నీకెందుకు?”

“ఆంటీ నీ కోసం చూస్తుందా?”

“పక్కన సీటు పట్టి పెట్టిందంట నాకు. టిష్యూ ప్యాకెట్ పెట్టి. ఈ ఊరి అలవాట్లన్నీ వచ్చినయ్ ఆమెకి.”

“ఇంకా అడుగుతవా?”

“అడుగుత.”

“మొహ్సిన్—”

“ఒక్క నిమిషం. నాకొకటి చెప్పు. నేను బటన్ నొక్కిండు అంటే నువ్వు ఉలిక్కిపడలేదేందిరా? సినిమా మొత్తం కూలిపోయే మాట చెప్పిన. నువ్వు చాయ్ తాగుకుంట ‘ఏమని అడుగుతవ్’ అన్నవ్. నీకు తెల్సా ఇది?”

“తెల్సు.”

“ఆంటీ చెప్పిందా నీకు?”

“ఆంటీ చెప్పలే. ఆంటీ నాకు ఏదీ చెప్పలే, రసం ఎట్ల చేయాల్నో తప్ప.”

“మరి?”

“నిన్న యోర్గ్ దిగిండు. ఏర్‌పోర్ట్ కాడ ఆంటీ పోయి వాటేసుకుంది, ‘మీ నాన్న మంచి మనిషి, ఎప్పుడొచ్చినా నాకు చాక్లెట్లు తెచ్చేటోడు’ అని ఏడ్చింది. యోర్గ్ ఏడ్వలే. గట్టిపడిపోయిండు. హోటల్‌కి పోయేటప్పుడు కార్ల నాతోని అన్నడు, మీ సినిమాల ఒక తప్పుంది అని.”

“ఏం తప్పు?”

“మా నాన్న ఎన్నడూ రెక్కలు చూడలే అన్నడు.”

“వాడే గదా చెప్పింది రెక్కలు ఊపిండని.”

“చెప్పిండు. అబద్ధం చెప్పిండు. హెల్ముట్‌కి తెల్సు మొహ్సిన్. మొదటి నిమిషంకెళ్లి తెల్సు.”

“ఏం తెల్సు?”

“వాడు కూడా ఫైటర్ పైలటే గదా. చూడనీకి వచ్చేటోడు పక్కకెళ్లి పోతడు, చంపనీకి వచ్చేటోడే ముక్కు మన మీద పెడ్తడు అన్నడంట కొడుకుతోని. మళ్లీ మళ్లీ పెట్టిండు, పెదవులు కదులుడు కూడా చూసిన, గుండ్లు లేవని అప్పుడే అర్థమైంది అన్నడంట. తాడుకి వేలాడుకుంట అంత చూసిండు వాడు.”

“తెల్సి... తెల్సి పోయి చెయ్యి పట్టుకున్నడా?”

“ముందు కూలిన విమానం ఉంది చూడు, అందుల కాలిపోయింది వాడి దోస్త్. ఒక ఊరోళ్లు. ఒక బడిల చదివిన్రు. హెల్ముట్ ఇసుకల దిగి ఆ పొగ దిక్కే చూసుకుంట కూర్చున్నడంట, ఇంగ్లిషోళ్లు వచ్చేదాకా. వాణ్ని ఒక్కసారి చూపియ్యండి అని అడిగింది థాంక్స్ చెప్పనీకి కాదు. మొఖం మీద ఉమ్మనీకి.”

“మరి ఉమ్మలే గదా.”

“ఉమ్మలే. గుడారంలకి పోయిండు. అందరు లేచి నిలబడ్డరు. స్తెఫాన్ లేవలే, తల దించుకొని చెయ్యి బల్ల కింద పెట్టుకున్నడు. బటన్ నొక్కిన ఆ బొటన వేలు పట్టుకొని. దాచుతుండంగ ఆ వేలు చూసిండంట హెల్ముట్. అప్పుడు తట్టింది. ఉమ్మితే వీడికి హాయిగ ఉంటది అనుకున్నడు. ఆ చెయ్యి బల్ల కిందికెళ్లి లాగి, పట్టుకొని, థాంక్స్ చెప్పిండు. రెక్కలు ఊపిన్రు మీరు అని, అందరు వినేటట్టు.”

“ఏడాదికోసారి పోవుడు?”

“అదే. దోస్తానా కాదు. పెండ్లాన్ని తీసుకపోయేటోడు, ‘ఈయన వల్లనే నువ్వు నాకు దొరికినవ్’ అని ఆమెతోని థాంక్స్ చెప్పించేటోడు. యోర్గ్ పుట్టినంక వాణ్ని తీసుకపోయిండు. ‘ఈ అంకుల్ లేకుంటే నువ్వు లేవు, పోయి ముద్దు పెట్టు’ అనేటోడంట. స్తెఫాన్ తోటలకి పోయి నిలబడేటోడు. వీడు తోటలకి పోయేటోడు. హెల్ముట్ ముసలోడైనంక కొడుకు అడిగిండు, ఎందుకు పోతవ్ అంత దూరం, నీకు నడుము నొప్పి అని. అప్పుడు చెప్పిండు. ‘వాణ్ని చంపితే ఒక్కసారే చస్తడు. థాంక్స్ చెప్తే ఏడాదికోసారి చస్తడు’ అని.”

“ఏడాదికోసారి... ఆంటీకి తెల్సా ఇది?”

“తెల్వదు. ఆంటీ ఏమనుకుంటుంది? మా నాన్న పాపం చేయబోయిండు, ఆ మంచి జర్మన్‌కి తెల్వదు, తెల్వకుంటనే ప్రేమగ చూసిండు అనుకుంటుంది. చిన్నప్పటికెళ్లి ఆ ఒక్క మాట పట్టుకొని ఉంది. నువ్వు ఆ ప్రశ్న అడిగితే ఆమె నిజం చెప్తది. ఆమె నిజం చెప్తే యోర్గ్ ఊకోడు, మా నాన్నకు తెల్సు మేడం అంటడు. ఎందుకొచ్చేటోడో కూడా చెప్తడు. నలభై ఏండ్లు వాళ్ల నాన్నని వాళ్ల ఇంట్లనే, ఆమె చాక్లెట్లు తినుకుంట చూస్తుండంగనే... అది ఆమె వినాల్నా? ఈ వయసుల? ఆ చీర కట్టుకొని?”

“వద్దు.”

“నేను నా సినిమా కోసం చెప్తలేను. నమ్ము.”

“నమ్మిన. ఎంత పగరా వాడిది. చిటికెన వేలు కూడా ఎత్తకుంట.”

“యోర్గ్ చెప్పినప్పటికెళ్లి నాకు అన్నం సయిస్తలేదు.”

“నీకేమైంది? హాల్ నిండింది గదా.”

“అది కాదు. నాకు... నాకు తెల్సు అదెట్లుంటదో. స్తెఫాన్‌కి ఎట్లుండెనో. ఒక్కసారి చూసిన నేను.”

“ఎప్పుడు?”

“మీ అబ్బాజాన్‌ని మట్టి చేసి వచ్చి నాకు ఫోన్ చేసినవ్. ‘అక్కడ పని అంత నువ్వే చూస్కుంటున్నవ్, థాంక్స్ రా నిశాంత్, నువ్వు లేకుంటే నేనేమైపోదునో’ అన్నవ్. ఏడుస్తున్నవ్. నేను అప్పుడే ప్రొడ్యూసర్ల ఆఫీసుకెళ్లి బయటికొస్తున్న. సంతకం పెట్టేసి. లిఫ్టుల ఉన్న. నువ్వు అటెంక ఎన్ని మెసేజ్‌లు పెట్టినవ్, దొంగ అన్నవ్, కుక్క అన్నవ్, అన్నీ చదివిన, ఏం కాలే. నిజం జెప్పాల్నంటే హాయిగనే అనిపించింది. ఆ థాంక్స్ ఒక్కటి పోతలేదు. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కితే వినబడతది.”

“పోతలేదా?”

“పోతలేదు మొహ్సిన్.”

“ఇప్పటికీ?”

“ఇప్పటికీ.”

“సరే. లే. పోదాం.”

“ఏడికి?”

“సినిమాకి. ఆంటీ సీటు పట్టి పెట్టింది గదా.”

“ప్రశ్న?”

“అడగను.”

“నిజంగనా? ఒట్టు?”

“అబ్బాజాన్ మీద ఒట్టు. స్తెఫాన్ రెక్కలు ఊపిండు. మంచిగ ఊపిండు. ఆంటీ బతికినన్ని రోజులు ఊపుతనే ఉంటడు. ఆ మాట నా నోటికెళ్లి రాదు.”

“మొహ్సిన్... ఎంత పెద్ద మనసురా నీది. నేను నీకు—”

“ఆగు, అయిపోలే. చెయ్యి మాత్రం లేపుత.”

“ఎందుకు?”

“మైక్ తీసుకొని నీకు థాంక్స్ చెప్పనీకి.”

“ఏంది?”

“హాలంత వినేటట్టు. ‘మా అబ్బాజాన్ పోయి నేను అక్కడ పడి ఉంటే, నా పని వీడు భుజం మీద వేసుకొని పూర్తి చేసిండు, నేనే చేయమన్న, ఇసువంటి దోస్త్ ఎవరికి దొరుకుతడు’ అని. ఆంటీకి నువ్వు చెప్పిన అబద్ధం నిజమైపోతది. ఆమె సంతోషపడతది. అందరు లేచి నిలబడి చప్పట్లు కొడ్తరు నీకు.”

“వద్దు. వద్దురా.”

“ఈద్‌కి షీర్ ఖుర్మా పట్టుకొని మీ ఇంటికొస్త. మీ అమ్మానాన్న హన్మకొండకెళ్లి వస్తే వాళ్ల ముంగట చెప్త. నీకు పెండ్లి అయితే నీ పెండ్లానికి చెప్త. పిల్లలు పుడితే ఎత్తుకొని వాళ్లకు చెప్త. సహర్‌తోని చెప్పిస్త. కోపం లేకుంట చెప్త, నవ్వుకుంట చెప్త. ప్రతి ఏడు.”

“మొహ్సిన్, కూర్చో. జర కూర్చో.”

“టైమైంది. ట్రే నేను పెట్టొస్త, నువ్వు నడువు.”

“నా మాట విను. చెయ్యి విడిపించుకోకురా... నీ కాళ్లు మొక్కుత. ఆ ప్రశ్నే అడుగు.”